కాలిబ్రేషన్‌కు ముందు థీస్ పరీక్ష

అనంతపురం జిల్లాలో భూగర్భ జలాల మోడల్ పని మీ టేబుల్ మీదికి వచ్చిందంటే దాని వెనక ఏదో ఒక అనుమతి, ఒక గడువు ఉంటాయి. పరిశ్రమ బోర్లకు ఎన్‌ఓసీ కావాలి. లేదా హంద్రీ-నీవా నీళ్లు చెరువుకు వదిలితే చుట్టూ ఉన్న బోర్లలో మట్టం ఎంత పెరుగుతుందో ఎవరికో లెక్క చెప్పాలి. మూడు వారాల్లో రిపోర్టు ఇవ్వమంటారు. మనలో ఎక్కువమంది చేసేదేమిటంటే, డేటా రాగానే గ్రిడ్ గీసి, బోర్లు పెట్టి, రన్ కొట్టి నేరుగా కాలిబ్రేషన్‌కు కూర్చుంటాం. కొలిచిన మట్టాలు, మోడల్ మట్టాలు ఒకే గీత మీదికి వచ్చాయంటే పని అయిపోయినట్టే అనుకుంటాం.

సమాధానం ముందే తెలిసిన లెక్క ఒకటి మోడల్‌కు ఇచ్చి, అది సరిగ్గా చేస్తుందో లేదో చూడటం ఈ వరుసలో తప్పిపోతోంది. పూటలో అయిపోయే పని ఇది. ఆ పూట మిగుల్చుకుంటే ఏం జరుగుతుందో లెక్కలతో చెబుతాను.

మన రంగంలో సమాధానం తెలిసిన లెక్క అంటే మొదట గుర్తొచ్చేది థీస్ సమీకరణం. అమెరికా జియలాజికల్ సర్వేలో పనిచేసిన చార్లెస్ థీస్ 1935లో దాన్ని ప్రచురించాడు. వేడి ఒక పలకలో పాకే తీరుకీ, బోరు తోడుతుంటే నీటి పీడనం తగ్గే తీరుకీ గణితం ఒకటేనని పట్టుకుని, ల్యూబిన్ అనే గణితవేత్త సాయంతో దాన్ని సాధించాడు. అంతకుముందు 1906 నుంచి ఉన్న థీమ్ సమీకరణం మట్టం నిలకడకు వచ్చాకే పనికొచ్చేది. కాలాన్ని లెక్కలోకి తెచ్చింది థీస్. మనం వాడే మాడ్‌ఫ్లో 1984లో మెక్‌డొనాల్డ్, హార్బో చేతుల మీదుగా వచ్చింది, 2017లో మాడ్‌ఫ్లో 6 అయింది. కోడ్ సరిగ్గా ఉందో లేదో దాన్ని రాసినవాళ్లు చూసుకున్నారు, ఆ సందేహం మీకు అక్కర్లేదు. మీరు తేల్చుకోవాల్సింది మీరు కట్టిన సెటప్ సంగతి.

లెక్క మొదలుపెడదాం. ట్రాన్స్‌మిసివిటీ రోజుకు 40 చదరపు మీటర్లు, స్టోరేటివిటీ 0.001, ఒక బోరు రోజుకు 150 ఘనపు మీటర్లు తోడుతోంది. అంటే సెకనుకు సుమారు 1.7 లీటర్లు. బోరుకు 100 మీటర్ల దూరంలో అబ్జర్వేషన్ బోరు ఉంది. అంకెలు ఉదాహరణకు తీసుకున్నవే. దూరం వర్గాన్ని స్టోరేటివిటీతో గుణించి, ట్రాన్స్‌మిసివిటీని కాలంతో గుణించగా వచ్చిన దానికి నాలుగు రెట్లతో భాగిస్తే, ఒక రోజు తర్వాత యు విలువ 0.0625. దానికి వెల్ ఫంక్షన్ 2.257. డ్రాడౌన్ 0.67 మీటర్లు. పది రోజులకు అదే బోరులో 1.34 మీటర్లు. ఈ రెండు అంకెలూ పక్కన రాసి పెట్టుకోండి.

వెల్ ఫంక్షన్ ఎక్సెల్‌లో నేరుగా దొరకదు. యు ఒకటి కన్నా చిన్నదైతే సిరీస్‌లో ఆరేడు పదాలు వేసుకుంటే చాలు. యు పెద్దదైన కొద్దీ ఆ సిరీస్ మోసం చేస్తుంది. పైథాన్ తెలిసినవాళ్లకు సైపైలో ఎక్స్‌ప్1 అనే ఫంక్షన్ ఉంది. దాని పక్కనే ఉండే ఎక్స్‌పీఐ వాడితే గుర్తు, విలువ రెండూ తారుమారవుతాయి. కూపర్-జాకబ్ షార్ట్‌కట్ వాడతామంటారా? ఈ లెక్కలో అది 0.67కు బదులు 0.655 ఇస్తుంది, మూడు శాతం దాకా తక్కువ. మోడల్‌ను పరీక్షించే కొలబద్దలోనే మూడు శాతం తేడా ఉంటే ఇక పరీక్షకు అర్థం లేదు.

ఇప్పుడు ఇదే లెక్క మోడల్‌లో పెట్టండి. కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు గ్రిడ్, మధ్యలో బోరు. అంచులు ఏమీ చెప్పకుండా వదిలేస్తే మాడ్‌ఫ్లో వాటిని నీళ్లు దాటని గోడలుగా తీసుకుంటుంది. పది రోజులు నడిపితే 100 మీటర్ల దగ్గర సుమారు 2.1 మీటర్ల డ్రాడౌన్ వస్తుంది. అంచుల్లో స్థిరమట్టం పెడితే సుమారు 1 మీటరు. థీస్ చెప్పేది 1.34. అదే రాయి, అదే మోటారు, సమాధానాలు మాత్రం మూడు. మోడల్ రన్‌లు రెండింటిలోనూ వాటర్ బడ్జెట్ తేడా సున్నాకు దగ్గరగానే కనిపిస్తుంది. బడ్జెట్ సరిపోయింది కాబట్టి మోడల్ కరెక్టే అని రివ్యూ మీటింగ్‌లో చెప్పే మాట ఇక్కడ ఏమాత్రం నిలవదు. మీరు చెప్పిన లెక్కను మోడల్ శుభ్రంగా చేసిందనే బడ్జెట్ చెబుతుంది. మీరు చెప్పిన లెక్క తప్పో ఒప్పో దానికి పట్టదు.

కారణం తేలికే. బోరు ప్రభావం ఎంత దూరం పాకిందో కూపర్-జాకబ్‌తోనే అంచనా కట్టవచ్చు. ఒక రోజుకు 300 మీటర్లు, పది రోజులకు 950 మీటర్లు. మీ అంచు 500 మీటర్ల దగ్గరే ఉంది. మూడో రోజు రాకముందే ప్రభావం గోడకు తగిలింది. అందుకని థీస్ పరీక్షకు గ్రిడ్ అంచు, పరీక్ష కాలానికి వచ్చే ప్రభావ దూరానికి కనీసం రెండు మూడు రెట్లు దూరంలో ఉండాలి. అంత పెద్ద గ్రిడ్ వద్దనుకుంటే ఒక్క రోజు దాకానే పోల్చి ఆపేయండి.

ఈ పొరపాటును పరీక్ష లేకుండా వదిలేసి కాలిబ్రేషన్‌కు వెళ్తే అసలు నష్టం మొదలవుతుంది. ఫీల్డులో కొలిచింది 1.34, గోడల పెట్టె మోడల్ 2.1 అంటోంది. పెస్ట్ లాంటి ఆటోమేటిక్ కాలిబ్రేషన్ అయినా, చేత్తో స్లైడర్ జరిపే మనిషి అయినా ఏం చేస్తారు? స్టోరేటివిటీ పెంచుతారు. ఈ ఉదాహరణలో దాన్ని సరిగ్గా రెట్టింపు చేసి 0.002 పెడితే పదో రోజు మట్టం 1.34కే వచ్చి కూర్చుంటుంది. గ్రాఫ్ అందంగా ఉంటుంది, అంచు తప్పు మాత్రం స్టోరేటివిటీ అంకెలో దాక్కుంటుంది.

ఇది కన్‌ఫైన్డ్ ఉదాహరణ. మన జిల్లాలో గ్రానైట్, నైస్ బండ మీద ఉండే గరుసు పొరలో ఇదే తప్పు స్పెసిఫిక్ ఈల్డ్ మీద పడుతుంది. వానాకాలం ముందు, తర్వాత మట్టాల తేడాను స్పెసిఫిక్ ఈల్డ్‌తో గుణించి రీఛార్జ్ కడతాం. స్పెసిఫిక్ ఈల్డ్ రెట్టింపైతే రీఛార్జూ రెట్టింపే. జీఈసీ-2015 పద్ధతిలో 70 శాతం దాకా తోడుకుంటే సేఫ్, 90 దాకా సెమీ క్రిటికల్, 100 దాకా క్రిటికల్, ఆపైన ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్. తోడకం 120 శాతం ఉండాల్సిన చోట 60 అని వస్తుంది, ప్రాంతం సేఫ్‌లో పడుతుంది, కొత్త బోర్లకు దారి తెరుచుకుంటుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే జిల్లాలో ఆ కాగితం మీద మీ సంతకం ఉంటుంది. రెండేళ్లకు ఆ ఊళ్లో బోర్లు ఎండితే ఎవరైనా ముందు వెతికేది ఆ సంతకాన్నే.

తర్వాతి గుంట టైమ్ స్టెప్. పైన చెప్పిన ఒక్క రోజు లెక్కను గ్రిడ్ ఎంత సన్నగా ఉన్నా ఒకే టైమ్ స్టెప్‌తో నడిపితే 0.67కు బదులు 0.55 మీటర్లు వస్తుంది. పద్దెనిమిది శాతం తక్కువ. దాన్ని సరిచేయడానికి గ్రిడ్ సన్నం చేస్తూ పోతే రోజంతా పోతుంది, అంకె కదలదు. మొదటి స్టెప్ నిమిషాల్లో పెట్టి, ప్రతి స్టెప్‌ను ముందు దానికి 1.2 రెట్లు చేసుకుంటూ వెళ్లండి. తర్వాత స్టెప్‌ల సంఖ్య రెట్టింపు చేసి మళ్లీ నడపండి. అంకె మారడం ఆగినప్పుడే గ్రిడ్ జోలికి వెళ్లాలి. రెండూ ఒకేసారి మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో మీకే తెలియదు, బాస్‌కు అసలే చెప్పలేరు.

బోరు ఉన్న సెల్ విషయంలో అనుభవం ఉన్నవాళ్లూ బోల్తా పడతారు. సెల్ వెడల్పు 100 మీటర్లు అయితే, ఆ సెల్‌లో మోడల్ చూపే మట్టం బోరు లోపలి మట్టం కాదు. బోరు నుంచి సుమారు 20 మీటర్ల దూరంలో ఉండే మట్టం అది. సెల్ వెడల్పులో అయిదో వంతు అనే ఈ లెక్కను చమురు రంగంలో పీస్‌మన్ 1978లో తేల్చాడు. మన దగ్గర వేసేది ఆరున్నర ఇంచుల బోరు, వ్యాసార్ధం ఎనిమిది సెంటీమీటర్ల పైచిలుకు. ఈ రెండు దూరాల మధ్య తేడా మన ఉదాహరణలో దాదాపు 3.3 మీటర్లు. పంపు ఎంత లోతున దించాలో ఆ సెల్ అంకె చూసి రాశారంటే మోటారు గాలి పీలుస్తుంది. బోరు దగ్గర గ్రిడ్ సన్నం చేయండి, లేదా ఈ సవరణ విడిగా కలపండి. మోడల్‌ను థీస్‌తో పోల్చేటప్పుడు మాత్రం బోరు సెల్‌ను వదిలేసి, మూడు నాలుగు సెల్స్ అవతల ఉన్న చోటే పోల్చండి.

యూనిట్ల గురించి చెప్పడం చిన్నతనంగా అనిపిస్తుంది గానీ, రిపోర్టులు వెనక్కి వచ్చేది ఎక్కువగా వీటితోనే. లీటర్లు సెకనుకు, ఘనపు మీటర్లు రోజుకు, టైమ్ యూనిట్ రోజులా సెకన్లా అన్నవి చూసుకోవాలి. మాడ్‌ఫ్లోలో తోడకానికి మైనస్ గుర్తు. అది మరిచిపోతే మీ బోరు నీళ్లు తోడటం మాని భూమిలోకి పోస్తుంది, మట్టం పెరుగుతుంది. థీస్ పరీక్షలో ఇది మొదటి రన్‌లోనే బయటపడుతుంది. అసలు మోడల్‌లో వంద బోర్లు, రీఛార్జ్, కాలువ లీకేజీ కలిసిపోయాక ఒక్క బోరు గుర్తు తప్పితే ఎవరికీ కనిపించదు. ఇంకొకటి. ఫీల్డులో రైతు రెండించుల నీళ్లు పడ్డాయని చెబుతాడు. ఆ మాట ఆయనకు స్పష్టమే, మీ మోడల్‌కు మాత్రం కాదు. ఆ ఇంచులు పైపువా, వీ-నాచ్ మీద నీటి ఎత్తువా? ఎన్ని గంటలు నడిచాక కొలిచారు? డ్రమ్ము నిండే సమయం చూసి మీరే కట్టిన అంకె తప్ప ఇంకేదీ నమ్మకండి.

కరెంటు గంటల సంగతి ఇక్కడి వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. రైతు బోరు రోజంతా నడవదు. పైన చెప్పిన రేటుతోనే 9 గంటలు నడిపి ఆపామనుకుందాం. ఆపే సమయానికి 100 మీటర్ల దగ్గర డ్రాడౌన్ 41 సెంటీమీటర్లు. 24వ గంటకు, అంటే మర్నాడు మోటారు వేయబోయే ముందు, 13 సెంటీమీటర్లు మిగులుతుంది. మోడల్‌లో రోజువారీ సగటు తోడకం పెట్టి నడిపితే 24వ గంటకు 25 వస్తుంది. కొలిచిన మట్టం దేనితో పోల్చాలన్నది కొలిచిన గంటను బట్టి ఉంటుంది. ఏపీఫామ్స్ ప్రాజెక్టు కాలంలో అనంతపురంతో సహా ఏడు జిల్లాల్లో రైతులే బోర్ల మట్టాలు కొలిచి రికార్డు రాసుకునే పద్ధతి నడిచింది. అలాంటి పాత పుస్తకాలు దొరికితే విలువైనవే. మట్టం మోటారు వేయకముందు కొలిచారా, ఆపాక కొలిచారా అని ముందు అడగండి. తెలియకపోతే ఆ పాయింటుకు కాలిబ్రేషన్‌లో బరువు తగ్గించండి. ఈ ఆన్-ఆఫ్ లెక్క కూడా థీస్‌తోనే అవుతుంది. తోడకం మొదలైనప్పటి నుంచి ఒక బోరు, ఆపినప్పటి నుంచి అదే చోట నీళ్లు పోసే ఇంకో బోరు ఉన్నట్టు కలపడమే. మోడల్ స్ట్రెస్ పీరియడ్లు సరిగ్గా మారుతున్నాయో లేదో దీనితో తేలిపోతుంది.

మన భూమికి తప్పనిసరిగా చేయాల్సిన రెండో పరీక్ష డైక్. జిల్లాలో డోలరైట్ డైక్‌లు చాలా చోట్ల నల్లగుండ్ల వరుసల్లా నేల మీద కనిపిస్తాయి. అవి చాలాసార్లు భూగర్భ జలాలకు అడ్డుగోడలే. బోరుకు 200 మీటర్ల దూరంలో పొడవాటి తిన్నని డైక్ ఉందనుకోండి. థీస్ లెక్కలో దాన్ని ఇలా చేస్తారు: డైక్ అవతల అంతే దూరంలో అదే రేటుతో తోడే ఊహాబోరు పెట్టి, రెండింటి డ్రాడౌన్లూ కలుపుతారు. మన అబ్జర్వేషన్ బోరు డైక్ వైపు 100 మీటర్ల దగ్గర ఉంటే, ఊహాబోరు దానికి 300 మీటర్ల దూరంలో ఉన్నట్టు. ఒక రోజుకు 0.67కు మరో 0.15 కలిసి 0.82 మీటర్లు వస్తుంది. మోడల్ కూడా ఆ దరిదాపుల్లో చెప్పాలి. డైక్ అవతలి బోరులో మట్టం కదలకూడదు. కదిలిందంటే మీరు గీసిన అడ్డుగోడలో ఎక్కడో ఒక సెల్ ఖాళీ మిగిలి ఉంటుంది. డైక్ గ్రిడ్‌కు ఏటవాలుగా పోతున్నప్పుడు ఇలాంటి ఖాళీలు ఎక్కువగా మిగులుతాయి. నిజం డైక్‌లో పగుళ్లుండి నీళ్లు దాటవచ్చు. దాన్ని తర్వాత కాలిబ్రేషన్‌లో చూసుకుందాం, ముందు మీరు అడ్డంగా పెట్టింది అడ్డంగానే పనిచేయాలి.

ఎంత తేడా దాకా ఒప్పుకోవచ్చని జూనియర్లు అడుగుతుంటారు. బోరు సెల్‌కు దూరంగా, అంచు తగలకముందు ఒకటి రెండు శాతంలోపు రావాలి. అయిదు శాతం వస్తే కారణం వెతకండి. పది శాతం వస్తే ఆ మోడల్‌ను ముందుకు తీసుకెళ్లకండి. ఒక్క టైమ్ దగ్గర, ఒక్క చోట సరిపోతే చాలదు. కనీసం రెండు దూరాల్లో, మొదటి గంటల నుంచి చివరి దాకా వంపు మొత్తం సరిపోవాలి. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకుని ఒక్క పాయింట్ దగ్గర కలవడం మామూలే. ఉదాహరణకు గోడల పెట్టె మట్టాన్ని ఎక్కువగా దించుతుంది, ముతక టైమ్ స్టెప్ తక్కువగా దించుతుంది.

ఇక్కడొక హెచ్చరిక. థీస్ పరీక్ష నెగ్గింది కాబట్టి మోడల్ కళ్యాణదుర్గాన్నో, కదిరినో సరిగ్గా చెబుతుందని రాయకండి. థీస్ ఊహించిన నేల అంతులేనిది, ఒకే రకంది, మందం మారనిది. మన నేలలో పైన పది ఇరవై మీటర్లు గరుసు, కింద చీలికలు, ఆ కింద గట్టి బండ. నీళ్లు ఎక్కడ పడతాయో పాయింట్ పెట్టేవాళ్లకే నమ్మకం ఉండదు. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రాన్స్ బీఆర్‌జీఎం కలిసి మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల గ్రానైట్ ప్రాంతంలో ఏళ్ల తరబడి పనిచేసి, ఇలాంటి రాతిలో నీరు ఏ పొరలో ఎలా నడుస్తుందో చాలా విడమరిచి చూపారు. అనంతపురం మోడల్‌కు పొరలు పెట్టేటప్పుడు ఆ పేపర్లు చదవండి. పాత వ్యవసాయ బావుల మీద పంపింగ్ టెస్ట్ చేస్తే థీస్ వాడకండి. ఆరేడు మీటర్ల వెడల్పు బావిలో మొదట దిగేది బావిలో నిల్వ ఉన్న నీళ్లే. దానికి పాపడోపులోస్, కూపర్‌లు 1967లో ఇచ్చిన పరిష్కారం ఉంది. మట్టం దిగుతుంటే గరుసు పొర నెమ్మదిగా వదిలే నీటికి 1972 నాటి న్యూమన్ పరిష్కారం సరిపోతుంది. మోడల్‌లో మీరు వాడే సదుపాయానికి తగిన పరిష్కారంతోనే పోల్చాలి. అన్‌కన్‌ఫైన్డ్ పొర పెట్టి కన్‌ఫైన్డ్ థీస్‌తో పోల్చి, సరిపోలేదని కోడ్‌ను తిట్టుకోవద్దు.

రిజర్వాయర్లలో నీటి కదలికల మోడల్ చేసే సివిల్ వాళ్లకూ ఇదే వరుస. పీఏబీఆర్ లాంటి జలాశయం మీద నైరుతి గాలి వీచినప్పుడు పైనీళ్లు గాలి పోయే వైపు, అడుగునీళ్లు దానికి ఎదురు వైపు నడుస్తాయి. అసలు ఆకారం పెట్టకముందు ఒక నలుచదరపు తొట్టిలో ఆ లెక్క చేయండి. తొట్టిలో నీళ్లు ఊగే కాలానికి మెరియన్ 1828లో ఇచ్చిన సూత్రం ఉంది. 5 కిలోమీటర్ల పొడవు, 10 మీటర్ల లోతుకు సుమారు 17 నిమిషాలు వస్తుంది. గాలి తోపుకు నీటిమట్టం ఎంత వాలుతుందన్నది అడుగున జారుడు పెట్టారా, అతుక్కునే షరతు పెట్టారా అన్నదాన్ని బట్టి మారుతుంది. విస్కాసిటీ లోతంతా ఒకటే అనుకుంటే, అతుక్కునే అడుగుకు వాలు ఒకటిన్నర రెట్లు. ఈ ఒకటిన్నర తేడా కనిపిస్తే మోడల్ తప్పనుకోకండి, ఏ షరతు పెట్టారో చూసుకోండి.

ఆఫీసులో ఇదెలా నెగ్గించుకోవాలంటే, వెరిఫికేషన్‌కు టైమ్ కావాలని మేనేజర్‌ను అడగకండి. క్లయింటు బిల్లులో ఆ లైన్ లేదంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. మోడల్ సెటప్ రోజుల్లోనే దాన్ని కలిపేసి, ఒక పేజీ తయారుచేసి పెట్టండి. పైన ఉదాహరణ అంకెలు, మధ్యలో థీస్ గీత, దాని మీద మోడల్ చుక్కలు, కింద గ్రిడ్, టైమ్ స్టెప్, అంచుల వివరం, సాఫ్ట్‌వేర్ వెర్షన్. రిపోర్టు అనెక్చర్‌లో వేయండి. ప్రశ్నలు తెలిసిన రివ్యూయర్ ముందు ఆ పేజీయే తిప్పుతాడు, మిగతా ప్రశ్నలు తగ్గుతాయి. క్లయింటు తరఫున మంచి అంకె కావాలని ఒత్తిడి వచ్చినప్పుడు కూడా ఈ పేజీ మీ వైపు నిలబడుతుంది. స్టోరేటివిటీని కొంచెం పైకి జరపమని అడిగితే, జరిపితే పరీక్షలో ఎంత తప్పుతుందో చూపించి మాట్లాడవచ్చు. నోటి వాదన కన్నా అది తేలిక, మీ ఉద్యోగానికీ తక్కువ ప్రమాదం.

ఉద్యోగం మారాలనుకునేవాళ్లు ఇంటర్వ్యూకు కాలిబ్రేషన్ గ్రాఫులు మోసుకెళ్తారు. ఆ గ్రాఫులు అందరి దగ్గరా ఉంటాయి. మీ సెటప్ థీస్‌తో ఎంత దగ్గరగా వచ్చిందో, ఎక్కడ, ఎందుకు విడిపోయిందో రెండు నిమిషాల్లో చెప్పగలిగితే అడిగేవాళ్లు కుర్చీలో ముందుకు జరుగుతారు. ఆ చెక్ ఫైల్‌ను ఫ్లోపై స్క్రిప్టుగా దాచుకుంటే, వెర్షన్ మారినప్పుడు, కొత్త కంప్యూటర్‌లో సాల్వర్ సెట్టింగులు మార్చినప్పుడు, జూనియర్ చేతికి మోడల్ ఇచ్చినప్పుడు మళ్లీ నడపడానికి పది నిమిషాలు చాలు. సాల్వర్ క్లోజర్ విలువ మాత్రం తప్పకుండా రాసి పెట్టండి. అది సెంటీమీటరు స్థాయిలో వదిలేసి మిల్లీమీటర్లలో పోలిక చూపిన పేజీని ఏ రివ్యూయరూ ఒప్పుకోడు.